ఆఖరి గంట మోగిన తరువాత: ఫ్రాంక్ బ్రూనో కథ

ఆటగాడు ఆడుతున్నంత కాలం అతన్ని గురించి రాసేవాళ్ళకు కొదవ ఉండదు. ఆట మానేశాక అతనేమయ్యాడని అడిగేవాళ్ళు మాత్రం బహు తక్కువ. ఎవరైనా చెప్పినా, "పాపం, అలా అయిపోయాడా!" అని ఒక మాట అనేసి పేజీ తిప్పేస్తాం. అభిమానం అంటే ఇంతేనా? లేక ఆట అయిపోయాక కూడా అభిమాని చేయవలసిన పని ఏదైనా మిగిలి ఉంటుందా? ఈ ప్రశ్నకు జవాబు వెతుక్కోవటానికి బ్రిటన్‌కు చెందిన ఒక బాక్సర్ కథను విద్యార్థి మిత్రుల ముందు పెడుతున్నాను. ఆయన పేరు ఫ్రాంక్ బ్రూనో.

మనలో చాలామందికి బాక్సింగు మహమ్మద్ అలీతో మొదలై మైక్ టైసన్‌తో ఆఖరైపోతుంది. నిజామాబాదు అమ్మాయి నిఖత్ జరీన్ 2022లోనూ, 2023లోనూ ప్రపంచ విజేత అయ్యాక ఆ ఆట మనకు కొంచెం దగ్గరైంది. బ్రూనో సంగతి వేరు. అతను టైసన్ చేతిలో ఒకసారి కాదు, రెండుసార్లు ఓడిపోయినవాడు. అలీతో పోల్చదగిన మేధావి కాడు. ప్రపంచ పట్టం అతని దగ్గర నిలిచింది ఆరు నెలల పైచిలుకు మాత్రమే. అయినా బ్రిటన్‌లో అతనికి దొరికిన ప్రేమ అతనికంటె గొప్ప బాక్సర్లకు సైతం దొరకలేదు. ఆ ప్రేమ ఏం చేయగలిగిందీ, ఏం చేయలేకపోయిందీ చూడటమే ఈ వ్యాసం ఉద్దేశం.

ఆట సంగతి రెండు మాటల్లో

బాక్సింగులో ఒక్కొక్క రౌండు 3 నిమిషాలు, మధ్యలో 1 నిమిషం విశ్రాంతి. గంట కొడితే మొదలు, గంట కొడితే ఆపు. కిందపడినవాడు రిఫరీ పది లెక్కపెట్టేలోగా లేవకపోతే నాకౌట్. దెబ్బలకు ఇక నిలవలేడని తోస్తే రిఫరీయే పోటీ ఆపేస్తాడు. చివరి గంట దాకా ఇద్దరూ నిలిచి ఉంటే న్యాయనిర్ణేతలు వేసిన పాయింట్లు లెక్కకు వస్తాయి. ప్రపంచ పట్టపు పోటీలు ఒకప్పుడు 15 రౌండ్లు ఉండేవి. 1982లో దక్షిణ కొరియా బాక్సర్ కిమ్ డూకూ రింగులో తిన్న దెబ్బలతో మరణించాక, క్రమంగా అన్ని సంస్థలూ 12కు తగ్గించాయి. మరో చిక్కు ఏమిటంటే, ప్రపంచ విజేత అని బిరుదిచ్చే సంస్థ ఒక్కటి కాదు. డబ్ల్యు.బి.ఎ., డబ్ల్యు.బి.సి. అంటూ వేర్వేరు సంస్థలు వేర్వేరు బెల్టులు ఇస్తాయి. ఈ నాలుగు సంగతులూ తెలిస్తే ఇక కథలోకి దిగవచ్చు.

మేడమీది జిమ్ము నుంచి

బ్రూనో 1961 నవంబరు 16న లండన్‌లో పుట్టాడు. తల్లిదండ్రులు కరీబియన్ దీవుల నుంచి పొట్ట చేతపట్టుకుని వలస వచ్చినవారు. తండ్రిది డొమినికా, తల్లిది జమైకా. ఆరుగురు పిల్లల్లో ఇతను కడగొట్టువాడు. చిన్నప్పుడు ఒట్టి పెంకి. బడిలో అదుపు తప్పుతున్నాడని ససెక్స్ ప్రాంతంలో ఓక్ హాల్ అనే ఆవాస పాఠశాలకు పంపారు. అల్లరి పిల్లలను దారిలో పెట్టే బడి అది. ఆ బడిని గురించి బ్రూనో తరువాత కృతజ్ఞతతోనే చెప్పుకున్నాడు.

1980లో, 18 ఏళ్ళ వయసులో, అమెచ్యూర్ బాక్సింగులో ఇంగ్లండు హెవీవెయిట్ పట్టం గెలిచాడు. ఇక ప్రొఫెషనల్‌గా మారుదామనుకునేసరికి కంటి లోపం అడ్డొచ్చింది. లైసెన్సు రాలేదు. ఇంకొకడైతే అక్కడితో ఆపేవాడేమో. ఇతను దక్షిణ అమెరికాలోని కొలంబియా దాకా వెళ్ళి, బొగోటా నగరంలో కంటికి ఆపరేషను చేయించుకుని వచ్చాడు. 1982 మార్చిలో లండన్ రాయల్ ఆల్బర్ట్ హాలులో మొదటి ప్రొఫెషనల్ పోటీ ఆడి మొదటి రౌండులోనే గెలిచాడు. మేనేజరు టెర్రీ లాలెస్. తూర్పు లండన్‌లోని కానింగ్ టౌన్‌లో, రాయల్ ఓక్ అనే సారాయి దుకాణం మేడమీద ఆయన జిమ్ము ఉండేది. కింద గ్లాసుల చప్పుడు, పైన సంచుల మీద గుద్దుల చప్పుడు. బ్రిటన్ బాక్సింగులో పెద్ద పేర్లు కొన్ని ఆ మెట్లెక్కే పైకి వచ్చాయి.

వరసగా 21 పోటీలు గెలిచాడు, అన్నీ ప్రత్యర్థులు పూర్తికాలం నిలవలేక ముగిసినవే. కాని ఆ వేగంలోనే ఒక లోపం దాగి ఉంది. పోటీ త్వరగా తేలిపోతే ఇతనే రాజు. సాగితేనే కష్టం. 1984 మేలో అమెరికన్ జేమ్స్ స్మిత్‌తో 10 రౌండ్ల పోటీ. ముందున్నది బ్రూనోయే. ఆఖరి రౌండులో స్మిత్ దెబ్బల వర్షం కురిపించాడు, బ్రూనో కూలిపోయాడు. ఇంకొద్ది క్షణాలు నిలిచి ఉంటే గెలిచి ఉండేవాడు.

1985లో యూరప్ పట్టం గెలిచి తేరుకున్నాడు. 1986 జూలైలో వెంబ్లీ స్టేడియంలో టిమ్ విదర్‌స్పూన్ మీద ప్రపంచ పట్టానికి పోటీ. అప్పటికి ఆ సంస్థ పోటీలు ఇంకా 15 రౌండ్లే. పదో రౌండు దాకా సమఉజ్జీగా నిలిచి పదకొండో రౌండులో ఓడిపోయాడు. 1989 ఫిబ్రవరి 25న లాస్‌వేగాస్‌లో మైక్ టైసన్. పోటీ మొదలైన కొద్ది సెకన్లలోనే బ్రూనో కింద పడ్డాడు, లేచాడు. అదే రౌండు చివర్లో ఎడమ చేత్తో కొట్టిన దెబ్బకు టైసన్ తూలాడు! ఆ రోజుల్లో టైసన్ తూలటం ఎవరూ చూడనిది. ఎప్పుడూ నిబ్బరంగా మాట్లాడే బి.బి.సి. వ్యాఖ్యాత హ్యారీ కార్పెంటర్ సైతం నిష్పక్షపాతం మరచిపోయి బ్రూనోను ఎగదోస్తూ అరిచాడు. కాని అయిదో రౌండులో రిఫరీ పోటీ ఆపేశాడు. 1993 అక్టోబరులో కార్డిఫ్‌లో సాటి బ్రిటిషు బాక్సర్ లెనాక్స్ లూయిస్ మీద మూడో ప్రయత్నం. ఏడో రౌండులో అదీ పోయింది.

నాలుగో అటెంప్టు

మన కాలేజీల్లో మార్చిలో పోతే సెప్టెంబరు ఉందిలే అని ధైర్యం చెప్పుకోవటం పాత అలవాటు. బ్రూనోకూ సెప్టెంబరే కలిసి వచ్చింది. 1995 సెప్టెంబరు 2న మళ్ళీ వెంబ్లీ స్టేడియం. ఎదుట డబ్ల్యు.బి.సి. విజేత ఆలివర్ మెకాల్. బ్రూనో వయసు 33. అంతకు ముందు మూడు ప్రయత్నాలూ తప్పినవాడు ఇప్పుడేం గెలుస్తాడని పెదవి విరిచినవాళ్ళే ఎక్కువ.

మొదటి రౌండ్లలో బ్రూనో జాగ్రత్తగా పాయింట్లు కూడబెట్టుకున్నాడు. చివరి రౌండ్లకు వచ్చేసరికి కథ మళ్ళీ పాత దారి పట్టింది. అలసిపోయాడు. మెకాల్ మీదమీదకు వచ్చేస్తున్నాడు. స్టేడియంలో ఉన్నవాళ్ళందరికీ 1984 నాటి స్మిత్ గుర్తుకొచ్చే ఉంటాడు. బ్రూనో ఈసారి సిగ్గుపడలేదు. ప్రత్యర్థిని వాటేసుకున్నాడు, తాళ్ళను ఆనుకున్నాడు, ఎలాగోలా నిలబడ్డాడు. పన్నెండో రౌండు గంట మోగింది. ముగ్గురు న్యాయనిర్ణేతలూ బ్రూనోకే ఓటు వేశారు. అందంగా గెలిచాడని ఎవరూ అనరు. ప్రపంచ పట్టపు పోటీల్లో అంతవరకు దాటలేని ఆఖరి గంటను ఆ రోజు దాటాడు, అదీ గొప్ప.

గెలిచిన క్షణంలో అతను నవ్వలేదు, ఏడ్చాడు. నేను నావాళ్ళను అమ్ముకున్నవాణ్ణి కాదని ఆ ఏడుపులోనే చెప్పాడు. దీని వెనుక ఒక గాయం ఉంది. తెల్లవాళ్ళ మెప్పు కోసం నవ్వుతూ తిరుగుతాడని కొందరు అతన్ని దెప్పేవారు. ప్రపంచ విజేత అయిన నిమిషంలో కూడా అదే గుర్తుకు వచ్చిందంటే, ఎన్నాళ్ళుగా ఆ ముల్లు లోపల గుచ్చుకుంటూ ఉందో ఊహించుకోవచ్చును.

ఆ పట్టం 1996 మార్చి 16 దాకా నిలిచింది. లాస్‌వేగాస్‌లో టైసన్ మూడో రౌండులోనే ముగించాడు. కంటికి ప్రమాదమని వైద్యులు హెచ్చరించటంతో బ్రూనో ఆ ఏడే ఆట మానేశాడు. మొత్తం 45 పోటీలు, 40 గెలుపులు, అందులో 38 పూర్తికాలం సాగకుండానే ముగిసినవి, 5 ఓటములు.

జనం ఎందుకు ప్రేమించారు?

బ్రూనో అభిమానులను పలకరిస్తే వాళ్ళు మొదట చెప్పేది గుద్దుల సంగతి కాదు. గుండెల్లోంచి వచ్చే ఆ బొంగురు నవ్వు. పోటీ అయ్యాక హ్యారీ కార్పెంటర్‌తో మాట్లాడుతూ, మాటమాటకూ "నే చెప్పేది అర్థమైందా హ్యారీ?" అనే ఊతపదం. లండన్ వీధి యాసలో హ్యారీ కాస్తా 'ఆరీ' అయిపోయేది. దేశమంతా ఆ మాట అనుకరించి నవ్వుకుంది. క్రిస్మస్ రోజుల్లో అక్కడ పాంటోమైమ్ అనే హాస్య నాటకాలు వేస్తారు. మన సురభి నాటకాలకు ఒకప్పుడు కుటుంబాలు కదిలినట్టు, పిల్లాపాపలతో వెళ్ళి చూస్తారు. అలాద్దీన్ కథలో దీపం భూతంగా బ్రూనో వేషం కట్టాడు. ఇంత బలాఢ్యుడు పిల్లల ముందు వెర్రివాడిలా గెంతుతుంటే ఎవరికి ముద్దురాదు? 1990లో ఎం.బి.ఇ. అనే రాచ గౌరవం కూడా వచ్చింది.

అంటే జనం ప్రేమించింది విజేతను కాదు, ఓడినా లేచి నవ్వేవాణ్ణి. ఇది మంచిదే. కాని ఇందులో ఒక ప్రమాదం ఉంది. నవ్వేవాడు ఎప్పుడూ నవ్వుతూనే ఉండాలని మనం కోరుకుంటాం. వాడు నవ్వటం మానేసిన రోజున ఏం చేయాలో మనకు తెలియదు.

నిశ్శబ్దం

ఆటగాడి జీవితంలో రోజంతా ఎవరో ఒకరు టైము చెబుతూ ఉంటారు. తెల్లవారుజామున పరుగు, తరువాత జిమ్ము, ఇంత తిండి, ఇంత నిద్ర. పోటీ తేదీ ఒకటి ఎదురుగా కనిపిస్తూ ఉంటుంది. ఆట మానేసిన రోజున ఇవన్నీ ఒక్కసారిగా ఆగిపోతాయి. ముప్పయి నాలుగేళ్ళకే ఉద్యోగ విరమణ! మన ఇళ్ళలో యాభై ఎనిమిదికో అరవైకో రిటైరైన పెద్దవాళ్ళే పొద్దు గడవక ఎంత సతమతమవుతారో చూస్తూనే ఉన్నాం.

2001లో బ్రూనోకు విడాకులయ్యాయి. 2002లో అతనికి శిక్షణ ఇచ్చిన జార్జ్ ఫ్రాన్సిస్ ఆత్మహత్య చేసుకున్నాడు. మత్తుమందు వాడకం కూడా తన ఆరోగ్యాన్ని చెడగొట్టిందని బ్రూనో తరువాత దాచుకోకుండా ఒప్పుకున్నాడు. నిద్ర పోయింది. ప్రవర్తన మారింది. ఇంటి తోటలో రింగు కట్టించుకుని అందులోనే పడుకుంటున్నాడని పత్రికలు రాశాయి.

ఒక్క రాత్రిలో మారిన శీర్షిక

2003 సెప్టెంబరు 22న ఎసెక్స్‌లోని ఇంటి నుంచి అతన్ని గుడ్‌మేస్ మానసిక వైద్యశాలకు తీసుకుపోయారు. ఇష్టపడి వెళ్ళింది కాదు, 1983 నాటి మానసిక ఆరోగ్య చట్టం ప్రకారం తీసుకువెళ్ళారు. ఆ చట్టంలో రెండో సెక్షన్ కింద పరీక్ష నిమిత్తం 28 రోజుల వరకు, మూడో సెక్షన్ కింద చికిత్స నిమిత్తం మొదట ఆరు నెలల వరకు రోగిని ఆసుపత్రిలో ఉంచవచ్చు. అందుకే అక్కడి వాడుక భాషలో 'ఫలానావాణ్ణి సెక్షన్ చేశారు' అంటారు.

పత్రికలకు రాత్రి ఒక్క ముద్రణతో పని అయిపోదని మనకు తెలుసు. మన తెలుగు దినపత్రికలకు డాక్ ఎడిషన్, సిటీ ఎడిషన్ ఉన్నట్టే అక్కడా ఉంటాయి. ఆ రాత్రి 'ది సన్' పత్రిక మొదటి ఎడిషన్ మొదటి పేజీలో పెద్ద అక్షరాలతో వేసిన శీర్షికకు మన భాషలో అర్థం చెప్పాలంటే, 'పిచ్చి బ్రూనోను లోపల పడేశారు' అని. అప్పట్లో బ్రిటన్‌లో అత్యధికంగా అమ్ముడుపోయే దినపత్రిక అది. జనం నాడి తమకు తెలుసుననే ధీమా ఉన్నవాళ్ళు. జనం నవ్వుకుంటారనే వేసి ఉంటారు.

జనం నవ్వలేదు. పాఠకులు మండిపడ్డారు. మానసిక ఆరోగ్య సంస్థలు తీవ్రంగా నిరసన తెలిపాయి. ఆ రాత్రే, తరువాతి ఎడిషన్లలో శీర్షిక మార్చేశారు. కొత్త శీర్షికలో బ్రూనో 'పిచ్చివాడు' కాదు, 'దుఃఖంలో ఉన్నవాడు'. ఆ తరువాత అదే పత్రిక మానసిక రోగుల సహాయానికి నిధి కూడా మొదలుపెట్టింది. పశ్చాత్తాపమో, వ్యాపారమో మనం తేల్చనక్కరలేదు. తేలిన సంగతి ఒక్కటే: ఏ మాట చెల్లుతుందో, ఏది చెల్లదో నిర్ణయించేది పత్రిక ఒక్కటే కాదు, దాన్ని చదివేవాడు కూడా. బ్రిటన్‌లో మానసిక వ్యాధుల గురించి పత్రికలు రాసే తీరును చర్చించేటప్పుడు ఆ రాత్రి సంగతిని నేటికీ ఉదాహరణగా చెబుతారు.

ఇంకొకరి కథ

ఈ ప్రేమ అందరికీ దక్కలేదు. బ్రూనోకు ముందు తరంలో రాండాల్ఫ్ టర్పిన్ అనే బ్రిటిషు బాక్సర్ ఉండేవాడు. తండ్రి బ్రిటిష్ గయానా నుంచి వచ్చినవాడు. 1951 జూలై 10న లండన్‌లో షుగర్ రే రాబిన్సన్‌ను ఓడించి ప్రపంచ మిడిల్‌వెయిట్ విజేత అయ్యాడు. రాబిన్సన్ అంటే బాక్సింగు పండితులు నేటికీ అందరికంటె పైన నిలబెట్టే పేరు. ఆ పట్టం టర్పిన్ దగ్గర 64 రోజులు ఉంది. తిరుగు పోటీలో పోయింది. ఆ తరువాత డబ్బు పోయింది, ఆదాయపు పన్ను బాకీలు మిగిలాయి, 1962లో దివాలా తీశాడు. పొట్ట గడవటానికి కుస్తీ పోటీల్లో దిగాడు. 1966 మే 17న లీమింగ్టన్‌లోని తన ఇంట్లో తుపాకీ గుండుకు బలై కనిపించాడు. వయసు 37. వార్విక్ పట్టణం నడిబొడ్డున అతనికి విగ్రహం లేచింది, 2001లో. గెలిచిన 50 ఏళ్ళకు, పోయిన 35 ఏళ్ళకు. విగ్రహం తప్పు కాదు. కాని మనిషికి అది అందలేదు.

జబ్బును జబ్బుగా చూడటం

బ్రూనోకు ఉన్న జబ్బు పేరు బైపోలార్ డిజార్డర్. ఇందులో మనసు రెండు కొసల మధ్య ఊగుతుంది. ఒక కొసన పట్టరాని ఉత్సాహం: నిద్ర అక్కరలేదనిపించటం, ఆగని మాటలు, ఆకాశానికి నిచ్చెన వేసే ఆలోచనలు, చేతికి అడ్డులేని ఖర్చు. రెండో కొసన లేవలేనంత కుంగుబాటు. లిథియం అనే లవణం ఈ ఉత్సాహపు పొంగును అదుపు చేస్తుందని 1949లో ఆస్ట్రేలియా వైద్యుడు జాన్ కేడ్ ప్రకటించాడు. ఇప్పటికీ అది ముఖ్యమైన మందుల్లో ఒకటి. తలకు తగిలే దెబ్బలు బాక్సర్ల మెదడును దెబ్బతీస్తాయని 1928లోనే అమెరికన్ వైద్యుడు హారిసన్ మార్ట్‌లాండ్ రాశాడు. అది వేరే వ్యాధి. బ్రూనో జబ్బుకు గుద్దులే కారణమని తేల్చి చెప్పటం శాస్త్రం కాదు. బాక్సింగు చేతికి పట్టని డిగ్రీ విద్యార్థులకూ ఈ జబ్బు వస్తుంది. సరిగ్గా మన వయసులోనే, పందొమ్మిది ఇరవై ఏళ్ళకే, చాలామందిలో మొదటిసారి బయటపడుతుంది.

బ్రూనోకు ఆ ఒక్కసారితో నయమైపోలేదు. 2012లో మళ్ళీ ఆసుపత్రి పాలయ్యాడు. కాని ఈసారి దాచలేదు. తన జబ్బు గురించి పుస్తకాలు రాశాడు, టెలివిజన్‌లో మాట్లాడాడు, మందుల వల్ల పడే ఇబ్బందులూ చెప్పాడు. తన పేరుతో ఒక ఫౌండేషను పెట్టి, మనసు కుదురులేనివారికి దెబ్బలు తగలని బాక్సింగు వ్యాయామాన్ని, దానితోపాటు మాట సాయాన్ని అందించే కార్యక్రమం నడిపించాడు. ఆ జిమ్ములోని గంట మళ్ళీ పనికొచ్చిందన్నమాట.

మన మాట సంగతి

ఇక మన దగ్గరకు వద్దాం. హాస్టల్లో ఎవడైనా నాలుగు రోజులు వింతగా ప్రవర్తిస్తే మనం అనే మాట ఏమిటి? హైదరాబాదులో అయితే "ఎర్రగడ్డకు పంపండ్రా వీణ్ణి". విశాఖపట్నంలో అయితే "వాల్తేరు కేసు". వైద్యం చేసే ఆసుపత్రులున్న ఊళ్ళ పేర్లనే తిట్లు చేసుకున్నాం. కంటాసుపత్రి పేరు చెప్పి ఎవరినీ వెక్కిరించం కదా! ఇలా తిట్టుకున్నాక ఏ కుర్రవాడు, ఏ ఆడపిల్ల ధైర్యంగా ఆ గుమ్మం ఎక్కుతారు?

మన చట్టాలు కూడా నెమ్మదిగానే మారాయి. 1912 నాటి చట్టం పేరులోనే 'పిచ్చి' అన్న మాట ఉండేది. 1987 చట్టం ఆ మాట తీసేసింది. 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం మరొక అడుగు వేసి, చికిత్స పొందటం హక్కు అంది. ఆత్మహత్యకు ప్రయత్నించినవాణ్ణి నేరస్థుడిలా కాక, తీవ్రమైన ఒత్తిడిలో ఉన్నవాడిగా చూడమంది. చట్టం పుస్తకంలో మాట మారటానికి 75 ఏళ్ళు పట్టింది. లండన్‌లో పత్రిక మొదటి పేజీలో మాట మారటానికి ఒక్క రాత్రి చాలింది. తేడా ఎక్కడుంది? ఆ మనిషిని తమవాడు అనుకున్న జనం అక్కడ అడ్డుపడ్డారు.

అక్కడితో అంతా చక్కబడిందని కాదు. శీర్షిక మారినంత మాత్రాన బ్రూనోకు నిద్ర పట్టలేదు. చికిత్స వైద్యులు చేయాలి, ఓపిక ఇంటివాళ్ళు పట్టాలి. ఇంగ్లండులో నల్లజాతివారిని ఈ చట్టం కింద ఆసుపత్రుల్లో పెట్టే రేటు తెల్లవారికంటె మూడు రెట్లకు పైగానే ఉంటూ వచ్చింది. వాళ్ళలో ప్రతివాడికీ అర్ధరాత్రి అడ్డుపడే అభిమానులుండరు. కాబట్టి అసలు పరీక్ష మనకు తెలిసిన హీరో విషయంలో కాదు, పక్క గదిలో ఉన్న పేరులేని మిత్రుడి విషయంలో.

ఆ మిత్రుడు రాత్రుళ్ళు నిద్రపోవటం మానేస్తే, మెస్సుకు రాకపోతే, లేదా హఠాత్తుగా లోకాన్ని జయిస్తానని అప్పులు చేసి ఖర్చు పెడుతుంటే, వెక్కిరించకండి. పక్కన కూర్చోండి. ఇంట్లో ఒకరికి చెప్పండి. వైద్యుడి దగ్గరకు తోడు వెళ్ళండి. ప్రభుత్వం 2022లో మొదలుపెట్టిన టెలీ మానస్‌కు 14416 నంబరు మీద ఫోను చేస్తే తెలుగులోనే మాట్లాడతారు. ఇంతకంటె పెద్ద వీరత్వం అక్కరలేదు.

బ్రూనో ఆఖరి గంట దాకా నిలబడింది ప్రత్యర్థిని వాటేసుకుని. రింగులో దాన్ని తప్పంటారు, రిఫరీ విడదీస్తాడు. రింగు బయట మాత్రం పడిపోబోయేవాడికి పట్టుకోవటానికి ఒక మనిషి కావాలి. మనం ఆ మనిషి కాగలమా అన్నదే ప్రశ్న.